ఉప్పు రోడ్డు మీద ముప్పై రెండు పుల్లలు

నవంబరులో ఒక రాత్రి, అన్నాలు తిని గిన్నెలు కడుక్కునే వేళకి, ఉప్పు లారీ మా గుట్ట ఎక్కుతుంది. లీడ్స్ నగరానికి ఉత్తరపు కొసన ఉంటుంది మా ఇల్లు. లారీ పసుపు రంగుది. నెత్తిన నారింజ దీపం గిర్రున తిరుగుతూ ఉంటుంది. వెనకాల తిరిగే పళ్ళెం ఒకటి ఉప్పును రెండు పక్కలకీ విసురుతుంటే, ఆగి ఉన్న కార్ల తలుపులకి తగిలి పోపు చిటపటలాడినట్టు వినిపిస్తుంది. మర్నాడు పొద్దున్న చూస్తే రోడ్డు నిండా గోధుమరంగు పలుకులు. మన జాడీల్లో ఉండే తెల్లటి కళ్ళుప్పులా ఉండదది. గనిలో తవ్విన రాతి ఉప్పు. చెషైర్‌లో విన్స్‌ఫర్డ్ అనే ఊరి అడుగున 1844లో మొదలైన గని ఒకటి ఉంది. 20 కోట్ల ఏళ్ళకు మించిన వెనకటి సముద్రం ఎండిపోగా మిగిలిన ఉప్పు అది. బ్రిటన్ రోడ్ల మీద నీళ్ళు గడ్డకట్టకుండా చల్లేది అలాంటి గనుల ఉప్పే.

కాకినాడలో పుట్టి పెరిగిన దాన్ని కాబట్టి, ఉప్పు లోహాన్నేం చేస్తుందో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. కిటికీ ఊచల్ని ప్రతి సంక్రాంతికీ గీకి రంగు వేసినా, సముద్రపు గాలికి వేసవి నాటికే మళ్ళీ పొక్కులు లేచేవి. ఇక్కడి ఉప్పు నేల మీదనుంచి వస్తుంది. తడిలో కరిగి, చక్రంతో పాటు పైకి లేచి, గొలుసులోకీ బేరింగుల్లోకీ రిమ్ము సందుల్లోకీ చేరుతుంది. అందుకని లారీ చప్పుడు విన్న మర్నాడు నేను షెడ్డులో గోడకి వేలాడే రెండో సైకిలు కిందికి దించుతాను.

"ఒక్క మనిషికి రెండు సైకిళ్ళెందుకే?" అని అమ్మ మొదటి ఏడాది ఫోన్లో అడిగింది. న్యాయమైన ప్రశ్నే. నాన్నగారికి ఒక్క నల్ల సైకిలు ఇరవై ఆరేళ్ళు నడిచింది. బడికి వెళ్ళినా అదే, మిల్లునుంచి బియ్యం బస్తా తెచ్చినా అదే, కడ్డీ మీద నన్నూ వెనక క్యారేజీ మీద అమ్మనీ ఎక్కించుకుని సినిమాకి తీసుకెళ్ళినా అదే.

అమ్మకి చెప్పిన జవాబు ఇది. బ్రిటన్‌లో క్లబ్బుల్లో చేరి సైకిలు తొక్కేవాళ్ళకి చలికాలపు బండి అనేది చాలా పాత అలవాటు. పందేలకీ ఎండాకాలపు పొడుగు ప్రయాణాలకీ తేలికైన బండి ఉంటుంది. ఉప్పు పడగానే దాన్ని లోపల పెట్టేసి, బరువైన ఫ్రేము, నిండు మడ్గార్డులు, లావుపాటి టైర్లు ఉన్న బండి తీస్తారు. వెనక మడ్గార్డు చివర రబ్బరు నాలుక ఒకటి దాదాపు నేలకి తగిలేలా వేలాడుతుంది. అది తొక్కేవాడికి ఏ విధంగానూ పనికిరాదు. వెనకాల వచ్చే మనిషి మొహం మీద బురద పడకుండా పెట్టుకునేది. ఈ దేశపు సైకిలు మర్యాదల్లో నాకు అన్నిటికన్నా నచ్చిందదే. ఆ చలికాలపు నెలల్లో తొక్కిన మైళ్ళే ఏప్రిల్ నాటికి కాళ్ళలో నిలవ ఉంటాయి. డిసెంబరు చివర్లో ఇక్కడ ఎనిమిది దాటాక గానీ పొద్దు పొడవదు, నాలుగు కాకుండానే గుంకిపోతుంది. ఉన్న ఆ కాస్త వెలుతురులోనే వెళ్ళి రావాలి.

లీడ్స్‌కి దక్షిణాన ఉన్న మోర్లీలో బెరిల్ బర్టన్ ఉండేది. రూబార్బ్ పొలంలో ఒళ్ళు వంచి పని చేస్తూ, మిగిలిన వేళల్లో సైకిలు తొక్కిన మనిషి. 1967లో 12 గంటల పందెంలో 277.25 మైళ్ళు తొక్కి, మగవాళ్ళ రికార్డునే దాటేసింది. ఆడవాళ్ళ రికార్డుగా అది 50 ఏళ్ళు చెక్కుచెదరలేదు. మా క్లబ్బులో పెద్దవాళ్ళు ఆమె సంగతి చెప్పేటప్పుడు ఆ పందెంతో మొదలెట్టరు. వాన, చలి, పొలంలో మట్టి, వీటితో మొదలెడతారు.

నేను ఈ దారిలోకి వచ్చింది 2014లో. ఆ ఏడాది జులై 5న టూర్ ద ఫ్రాన్స్ మా లీడ్స్ నుంచే బయల్దేరింది. ఓట్లీ ఊరి వీధిలో నిలబడి చూశాను. నూట తొంభై పైచిలుకు సైకిళ్ళు ఒక్క గాలి విసురులా దాటిపోయాయి. ఆ శరదృతువులోనే ఒక సైకిలు కొన్నాను, ఆ పై ఏడు చలికాలానికని మరొకటి, పాతది.

ఆ పాతదానికి నేను వేసుకున్న చక్రాలు మాత్రం కొత్తవి. నల్లగా, సన్నగా, చూడ్డానికి ముచ్చటగా ఉండేవి. వెనక చక్రానికి 20 పుల్లలు. చక్రం నడుమునుంచి రిమ్ముకి బిగించే తీగల్ని కొందరు స్పోకులంటారు, కొందరు చువ్వలంటారు. మా ఇంట్లో పుల్లలనే అనేవాళ్ళం. పుల్లలు తక్కువైతే బరువు తక్కువ, గాలికి అడ్డం తక్కువ అని చెప్పి అమ్మారు. వేసవి పందెం బండికి అది నిజమే.

మూడో చలికాలం, జనవరి ఆదివారం. ఓట్లీ దాటి పూల్ వైపు వెళ్తున్నాం. చిన్న గుంట ఒకటి, రోజూ దాటేదే. "టింగ్" మని వీణ తీగ తెగినట్టు చప్పుడైంది. అంతే, వెనక చక్రం ఒక పక్కకి లాగేసి, బ్రేకుకీ ఫ్రేముకీ రాసుకుని తిరగనని మొరాయించింది. తెగింది ఒక్క పుల్ల. ఇరవైలో ఒకటి పోతే మిగిలిన పంతొమ్మిదీ రిమ్మును నిలబెట్టలేవని అప్పటిదాకా నాకు తెలియదు. వాన, మంచు కలిసి పడుతున్నాయి. బండి వెనక భాగం ఎత్తి పట్టుకుని బస్సు దొరికే చోటిదాకా నడిచాను. వేళ్ళకి స్పర్శ మళ్ళీ వచ్చేసరికి ఇంట్లో రెండు కప్పుల టీ అయింది.

అసలు బాధ ఆ తరవాత మొదలైంది. ఆ పుల్ల మామూలు పుల్ల కాదట. ఆ చక్రానికని ప్రత్యేకంగా చదును చేసి, ప్రత్యేకమైన తలతో తయారు చేసిందట. ఏ దుకాణంలోనూ లేదు. తయారీదారు నుంచి తెప్పించాలి. ఏడు వారాలు పట్టింది. పుల్ల వచ్చేసరికి మార్చి వచ్చి, గట్ల మీద పసుపు పూలు పూశాయి.

ఆ ఏడు వారాలూ నాకు కాకినాడలో జగన్నాథపురం వంతెన దిగిన చోట ఉండే సైకిలు షాపే గుర్తొచ్చేది. షాపంటే నాలుగు రేకులు, ఒక గాలి పంపు, పంచరు చూసే నీళ్ళ తొట్టి. గోడ మేకుకి పుల్లల కట్ట వేలాడేది. "పుల్ల పోయిందా మేష్టారూ, ఇలా కూర్చోండి" అని నాన్నగారికి స్టూలు వేసి, ఆ కట్టలోంచి ఒకటి లాగి, చక్రం నడిమి హబ్బు చిల్లులోంచి దూర్చి, రిమ్ము దగ్గర పుల్ల కొసని పట్టే నిపుల్ బిగించి, చక్రం తిప్పి చూసి బెండు తీసేవాడు షాపు నడిపే బాబాయ్. ఒక టీ తాగేంత సేపు. వెనక చక్రానికి 40 పుల్లలు, ముందు చక్రానికి 32. ఇంగ్లీషు వాళ్ళ పాత రోడ్‌స్టర్ల లెక్క అది, మన నల్ల సైకిళ్ళకీ అదే వచ్చింది. బియ్యం బస్తా మోసే చక్రానికి నలభై ఉండటంలో ఆశ్చర్యమేముంది. అందులో ఒకటి తెగితే నాన్నగారు గమనించేవారు కూడా కాదు. బాబాయే గాలి కొడుతూ చెప్పేవాడు, ఇదిగో ఒకటి ఊడిందండీ అని.

గట్టితనం వేరు, మన్నిక వేరు అని నాకు తోచింది ఆ వారాల్లోనే. నా నల్ల చక్రాలు గట్టివే. తయారు చేసినవాళ్ళు వాటినెన్ని పరీక్షలకి పెట్టారో. కానీ ఒక పుల్ల తెగిన రోజున అవి ఎవరి చేతికీ చిక్కవు. మన్నికలో చక్రం వంతు సగమే, దాన్ని బాగుచేసే చెయ్యి వంతు సగం. ఆ చెయ్యి మనం నడిచి వెళ్ళగలిగే దూరంలో ఉండాలి. మన్నిక, మనుగడ అనే మాటలు నా చెవికి ఒకే ఇంట్లో పుట్టినట్టు వినిపిస్తాయి.

మా ఊళ్ళో చేత్తో చక్రాలు అల్లే పెద్దాయన ఒకాయన ఉన్నారని క్లబ్బువాళ్ళు చెప్పారు. రైలు వంతెన కింద చిన్న గది. యార్క్‌షైర్ అలవాటు ప్రకారం నన్ను 'లవ్' అని పిలిచి కూర్చోబెట్టారు. ఏ చక్రం కావాలని అడగలేదు. నీ బరువెంత, సంచీ మోస్తావా, ఏ రోడ్ల మీద తొక్కుతావు, వారానికెంత దూరం, వానలో బ్రేకెక్కువ వేసే మనిషివా, ఇవి అడిగారు. ఆఖరున, "ఇంటికొచ్చాక చక్రాలు కడుగుతావా? నిజం చెప్పు" అన్నారు. కడుగుతానన్నాను. ఆయన కాసేపు నా చేతులకేసి చూసి, సరే అని కాగితం తీశారు.

ఆయన రాసుకున్నది చాలా మామూలు జాబితా. ముందొకటి వెనకొకటి, రెండింటికీ 32 పుల్లలు. ఒక్కో పుల్ల మరో మూడింటిని దాటుకుంటూ పోయే అల్లిక. పుల్లలు స్టెయిన్‌లెస్ స్టీలువి, చివర్లలో 2 మిల్లీమీటర్ల మందం, మధ్యలో 1.8. నిపుళ్ళు ఇత్తడివి. రిమ్ము అల్యూమినియంది, మరీ తేలిక కానిది. హబ్బు లోపల విడి గోళీలూ కోనులూ ఉండే షిమానో రకం.

మధ్యలో సన్నబడే పుల్ల నాకు అర్థం కాలేదు. మన్నిక కావాలంటే లావు పుల్ల వేయాలి గదా అన్నాను. అప్పుడాయన నాకు చక్రం ఎలా నిలబడుతుందో చూపించారు. ఆ పావుగంట నా జీవితంలో మంచి పాఠాల్లో ఒకటి.

దుకాణంలో ఉన్న ఒక సైకిలు గోడకి ఆనించి, దాని మీద ఆయన ఎక్కి కూర్చున్నారు. నన్ను కింద కూర్చుని ముందు చక్రం పుల్లల్ని మీటమన్నారు. పైన ఉన్న పుల్లల్ని మీటాను. ఆయన దిగారు, మళ్ళీ మీటాను. స్వరంలో తేడా లేదు. ఇప్పుడు అడుగున నేలకి దగ్గరగా ఉన్న రెండు మూడు పుల్లల్ని మీటమన్నారు. ఆయన ఎక్కితే స్వరం దిగింది, ఆయన దిగితే స్వరం ఎక్కింది. అంటే మనిషి బరువు పడ్డప్పుడు పై పుల్లలు అదనంగా బిగుసుకోవడం లేదు; అడుగు పుల్లలు తమ బిగువులో కొంత వదులుకుంటున్నాయి. ఎడ్లబండి చక్రానికి కొయ్య ఆకులుంటాయి. అవి స్తంభాల్లా నిలబడి బరువు మోస్తాయి, అది కంటికి కనిపించే సంగతి. ఈ సన్న తీగ స్తంభంలా నిలబడలేదు, నొక్కితే వంగిపోతుంది. కానీ ముందే దాన్ని గట్టిగా లాగి బిగించి ఉంచితే, నొక్కినప్పుడు ఆ లాగుడు తగ్గుతుంది, అంతే. ఆ తగ్గడమే మోయడం. కాలిఫోర్నియా ఇంజినీరు జోబ్స్ట్ బ్రాంట్ 1981లో తెచ్చిన 'ది బైసికిల్ వీల్' పుస్తకంలో దీన్ని లెక్కలు కట్టి చూపించాడు. ఇరుసు పై పుల్లలకి వేలాడుతుందని నమ్మేవాళ్ళతో ఈ మాట మీద ఇప్పటికీ వాదాలు నడుస్తుంటాయి. నేను మాత్రం చెవులారా విన్నాను.

తీగను లాగి బిగించి చక్రం చేయొచ్చన్న ఊహ మా యార్క్‌షైర్‌లోనే పుట్టిందని కూడా ఆయనే చెప్పారు. స్కార్‌బరో దగ్గరి బ్రాంప్టన్ వాసి జార్జ్ కేలీ, మనిషి ఎగిరే యంత్రం గురించి ఆలోచిస్తూ, దానికి తేలికైన చక్రం కావాలని 1808లో ఇలాంటిది గీసుకున్నాడు. అప్పటికింకా సైకిలే లేదు. పారిస్‌లో యూజీన్ మేయర్ 1869లో తీగల చక్రానికి పేటెంటు పొందాడు. పుల్లలు నడిమి నుంచి తిన్నగా పోకుండా పక్కవాటాన ఒకదాన్నొకటి దాటుతూ పోయే అల్లికకి 1874లో కవెంట్రీలో జేమ్స్ స్టార్లీ పేటెంటు తీసుకున్నాడు. తొక్కే బలం హబ్బునుంచి రిమ్ముకి చేరాలంటే ఆ పక్కవాటమే కావాలి. నాన్నగారి సైకిలుకీ, పెద్దాయన నాకు అల్లిన చక్రాలకీ అదే అల్లిక.

ఇక మన్నిక సంగతి. నేను వారానికి 150 కిలోమీటర్ల చొప్పున 20 వారాలు తొక్కితే చలికాలానికి 3,000 కిలోమీటర్లు. 28 మిల్లీమీటర్ల టైరు వేసిన చక్రం కిలోమీటరుకి దాదాపు 468 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక్క చలికాలంలో ఒక్కో పుల్ల 14 లక్షల సార్లు అడుగుకి వచ్చి, కాస్త సడలి, మళ్ళీ బిగుసుకుంటుంది. పుల్లలు బరువుకి తెగడం అరుదు. సడలి బిగిసి, సడలి బిగిసి, హబ్బు దగ్గర మెడ వంపులో అలసిపోయి తెగుతాయి. బిగువు చాలని పుల్ల ప్రతి చుట్టుకీ పూర్తిగా వదులైపోతుంది, అందుకే ముందుగా పోతుంది. మధ్యలో సన్నబడ్డ పుల్ల సాగేది ఆ సన్నని చోట. ఆ సాగుడువల్ల మెడ మీద దెబ్బ తగ్గుతుంది, ఎంత సడలినా కొంత బిగువు మిగులుతుంది. సన్నం చేస్తే ఎక్కువ కాలం బతకడం అంటే ఇదన్నమాట. ఇక లెక్క: 32 పుల్లలైతే ఒక్కోదాని మీద పడే వంతు 20 పుల్లలకన్నా తక్కువ. ఒకటి తెగినా చక్రం కాస్త వంకర తిరుగుతుంది, బ్రేకు కొంచెం వదులు చేసుకుని ఇంటికి రావచ్చు. పారిస్-రూబే పందెంలో 50 కిలోమీటర్లకి పైగా రాళ్ళు పరిచిన దారి ఉంటుంది. తేలిక చక్రాలొచ్చాక కూడా చాలా ఏళ్ళు పందెగాళ్ళు ఆ ఒక్క రోజుకి మాత్రం 32 పుల్లల పాత తరహా చక్రాలే వేసుకునేవారు.

ఇత్తడి నిపుళ్ళకీ కారణముంది. తేలికని అల్యూమినియం నిపుళ్ళు వేస్తే, స్టీలు పుల్ల, అల్యూమినియం నిపుల్, మధ్యలో ఉప్పు నీరు, మూడూ కలిసి చిన్న బ్యాటరీలా పని చేస్తాయి. అందులో అరిగేది అల్యూమినియమే. తెల్లటి పొడి పట్టి, పుల్లకి అతుక్కుపోయి, బెండు తీద్దామని తిప్పితే తల విరిగి చేతికొస్తుంది. ఇత్తడి ఆ ఉప్పుకి నల్లబడుతుందే గానీ పట్టు వదలదు. మా అమ్మమ్మ ఇత్తడి బిందె మూడు తరాలు చూసింది, నాకు ఈ మాట నమ్మడం కష్టం కాలేదు. ఇన్నీ కలిపి నా పాత నల్ల చక్రాలకన్నా అరకిలో ఎక్కువ తూగాయి. నిండు నీళ్ళ సీసా అంతకన్నా బరువు. ఆ అరకిలో గురించి ఒక్క ఎత్తు మీద కూడా నేను బాధపడలేదు.

అల్లడం చూడ్డానికి మరో రోజు రమ్మన్నారు. వెనక చక్రం స్టాండులో పెట్టి, రిమ్ము తిన్నగా వచ్చాక, ఆయన పుల్లల్ని ఒక్కొక్కటే మీటుతూ తల వంచి విన్నారు. అమ్మ దగ్గర నాలుగేళ్ళు వీణ నేర్చుకుని మానేసిన దాన్ని. వేళ్ళు మర్చిపోయినా చెవి మర్చిపోలేదు. కుడివైపు పదహారూ ఒక స్వరం, ఎడమవైపు పదహారూ మరో స్వరం. ఎడమదాన్ని షడ్జమం అనుకుంటే కుడివైపు పుల్ల ప్రతిమధ్యమం పలుకుతోంది, కల్యాణిలో వచ్చే ఆ మధ్యమమే. ఎందుకలా అని అడిగాను. కుడివైపు గేర్ల పళ్ళచక్రాలకి చోటివ్వడానికి పుల్లలు దాదాపు నిటారుగా నిలబడాల్సి వస్తుంది, అందుకని రిమ్ము నడిమికి రావాలంటే వాటిని ఎడమవాటికి దాదాపు రెట్టింపు లాగాలి అన్నారు. ఇంటికొచ్చి లెక్క వేసుకున్నాను. ఒకే పొడుగు, ఒకే మందం ఉన్న తీగని రెట్టింపు బిగిస్తే స్వరం 1.41 రెట్లు పెరుగుతుంది. షడ్జమం నుంచి ప్రతిమధ్యమానికి ఉన్న దూరం కూడా దాదాపు అంతే. కుడివైపు ఒక్కో పుల్ల మీద నూరు కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు ఉంటుందట. రెండు మిల్లీమీటర్ల తీగ మీద!

ఆయనకి రాగాలు తెలియవు. ఒకే పక్కనున్న పుల్లలన్నీ ఒకే స్వరం పలకాలి, అదొక్కటే చూస్తారు. రిమ్ము తిన్నగా ఉంటే చాలదు. ఒక పుల్ల బాగా బిగిసి పక్కది వదులుగా ఉండి కూడా రిమ్ము తిన్నగా కనిపించొచ్చు. అలాంటి చక్రం దుకాణం గుమ్మం దాకా బాగుంటుంది, ఫిబ్రవరి దాకా ఉండదు. ఆఖరున తోలు తొడుగులు వేసుకుని, పక్కపక్క పుల్లల్ని జంటలుగా పట్టుకుని పిడికిలితో గట్టిగా పిండారు. చక్రమంతా చిటచిటమంది. మెడ వంపులో తయారీనాటి నుంచీ దాగి ఉన్న ఒత్తిడి అలా వదిలిపోతుందని, ఈ పని చేయని చక్రం తొందరగా పుల్లలు తెంపుతుందని చెప్పారు. మళ్ళీ శ్రుతి చూశారు.

హబ్బుల విషయంలో ఆయన రెండు దారులు చూపించారు. మూసి ఉన్న బేరింగులు ఒక రకం. అరిగితే పీకేసి కొత్తవి కొట్టుకోవచ్చు. ఇక్కడికి పశ్చిమాన బార్నల్డ్స్‌విక్‌లో హోప్ వాళ్ళు చేసే హబ్బులు అలాంటివి, వాటికి మంచి పేరు. రెండోది, విడి గోళీలు, కప్పు, కోను ఉన్న పాత పద్ధతి. వెనక హబ్బులో పక్కకి తొమ్మిది గోళీలు. ఎప్పటికప్పుడు విప్పి, తుడిచి, గ్రీజు పెట్టి, కోను మళ్ళీ బిగించుకుంటే ఏళ్ళ తరబడి ఉంటుంది. అశ్రద్ధ చేసి కప్పుకి గుంటలు పడితే హబ్బే పారేయాలి. నేను రెండోదే అడిగాను. జగన్నాథపురంలో ఓవరాయిలింగుకిచ్చిన రోజున బాబాయ్ పాత పళ్ళెంలో కిరసనాయిలు పోసి, గోళీలు అందులో వేసి, నా చేత కడిగించేవాడు. కోను బిగించి అరపిసరు వెనక్కి తిప్పడం, ఇరుసుని రెండు వేళ్ళతో తిప్పి గరగర ఉందేమో చూడటం ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఉప్పు మొదలవకముందు అక్టోబరులో ఒకసారి, మధ్యలో ఫిబ్రవరిలో ఒకసారి విప్పుతాను. ఒక ఏడు ఫిబ్రవరి పని ఏప్రిల్ దాకా వాయిదా వేశాను. గ్రీజు కాఫీ రంగు నురగై వచ్చింది, ఒక కోనుకి గుంట పడింది. కప్పు బతికిపోయింది. తీరిక లేనివాళ్ళు మూసి ఉన్న బేరింగులే కొనుక్కోవాలి, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

టైర్ల గురించి ఒక్క మాట. పక్షులు గూళ్ళు కట్టే కాలం పోయాక, సెప్టెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఇక్కడ పొలం గట్ల కంచెలు కత్తిరిస్తారు. హాథార్న్ ముళ్ళు రోడ్డంతా పడతాయి. మన తుమ్మముల్లుకి అన్నదమ్ముడే. లావుగా, అడుగున గట్టి పొర ఉన్న 28 టైరు వేసుకోవాలి. అది నెమ్మదిగా పోతుంది. పోనివ్వండి.

చక్రంలో ఎవరెంత జాగ్రత్త పడ్డా నిలవనిది రిమ్ము. రోడ్డు మీది ఇసుక, ఉప్పు బ్రేకు రబ్బర్లలో చేరి గరుకు కాగితంలా రిమ్ము పక్కగోడని గీకుతాయి. వాన రోజున ఇంటికొచ్చి చక్రం మీద వేలు పెడితే బూడిదరంగు బురద అంటుతుంది. అది రోడ్డు మట్టి అనుకునేదాన్ని. అందులో నా రిమ్ము కూడా ఉంది. కొత్తప్పుడు దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్లున్న గోడ, రెండు మూడు చలికాలాలకి మిల్లీమీటరు లోపుకి దిగుతుంది. స్కేలు ఆనించి చూస్తే నడుమ పల్లంగా తెలుస్తుంది. అప్పటికీ మార్చకపోతే ఏదో ఒకరోజు లోపలి గాలే ఆ గోడను పేల్చేస్తుంది, అది కొండ దిగుతున్నప్పుడు కావచ్చు. చలికాలానికి కొత్తగా సైకిలు కొనేవాళ్ళెవరైనా అడిగితే డిస్కు బ్రేకులవే తీసుకోమంటాను. అవి రిమ్ముని ముట్టుకోవు, అరిగేవన్నీ చవకగా మార్చుకునేవే. నా ఫ్రేముకి ఆ వీలు లేదు, దాన్ని మార్చే ఉద్దేశం నాకు లేదు.

పోయిన అక్టోబరులో వెనక రిమ్ము అలా ఆఖరుకి వచ్చింది. పుల్లలు బాగున్నాయి, హబ్బు బాగుంది. పెద్దాయన సరిగ్గా అదే కొలత రిమ్ము ఒకటి తెచ్చిచ్చి, "ఈసారి నువ్వే చెయ్యి" అన్నారు. పద్ధతి తేలికే. కొత్త రిమ్ముని పాత రిమ్ముకి ఆనించి, గాలి చిల్లుకెదురుగా గాలి చిల్లు ఉంచి, టేపుతో అతికించాలి. తరవాత ఒక్కో నిపుల్ విప్పి, పుల్లని పాతదాంట్లోంచి కొత్తదాంట్లోకి మార్చాలి. అల్లిక చెదరదు. ముప్పై రెండు సార్లు చేస్తే, పాత రిమ్ము ఖాళీ కంకణంలా ఊడి వస్తుంది.

ఆ నెలలో అమ్మ మా ఇంట్లోనే ఉంది. రాత్రి వంటింటి బల్ల మీద చక్రం పెట్టుకుని నేను పుల్లలు మారుస్తుంటే, తను ఇవతల కూర్చుని మర్నాటికి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. రిమ్ము తిన్నగా వచ్చేసరికి పది దాటింది. బయట లారీ ఇంకా రాలేదు, ఆ వారంలో రావచ్చని వార్తల్లో చెప్పారు. నేను చక్రం నిలబెట్టి ఎడమవైపు పుల్లలు వరసగా మీటడం మొదలుపెట్టాను. ఐదు, ఆరు, ఏడు.

"ఆగు," అంది అమ్మ, తలెత్తకుండానే. "ఇప్పుడు మీటిందానికి ముందుది."

మళ్ళీ మీటాను.

"దిగింది. కొంచెం ఎక్కించు."

నిపుల్ పావు చుట్టు తిప్పి మీటాను.

"ఇంకొంచెం."

వెంట్రుకవాసి తిప్పాను. అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఒక్క క్షణం ఆగింది.

"ఆఁ. పై వరస చూడు ఇంక."